నేల ఊగిన రోజులు

మొదటిసారి నేల ఊగినప్పుడు నాకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. నా జబ్బు సంగతి చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున, బాంబూఫ్లాట్‌లో వేట పడవల జెట్టీ మీద నిలబడి ఉన్నాను. వానలు ఇంకా మొదలుకాలేదు. సాయంత్రం స్టోరుకి తాళం వేసి, వేటకు పోయిన పడవలు వచ్చే వేళకి అక్కడికి చేరడం నాకు అలవాటు. ఆ రోజు కాళ్ళ కింద సిమెంటు మెల్లగా ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ లేచింది. పక్కనున్న ఇనుప గుంజ పట్టుకున్నాను. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, నాలో నేనే నవ్వుకున్నాను.

సముద్రం మీద బతికినవాళ్ళకి ఆ ఊపు కొత్తేమీ కాదు. రెండు మూడు రోజులు వేటలో ఉండి ఒడ్డు దిగితే, ఒళ్ళు ఇంకా పడవలోనే ఉన్నాననుకుంటుంది. అన్నం ముందు కూర్చున్నా, చాప మీద పడుకున్నా నేల లేస్తూ దిగుతూ ఉంటుంది. మా నాన్న దాన్ని తూగు అనేవాడు. మళ్ళీ పడవెక్కితే అది పోతుంది, ఒడ్డున ఉండిపోతే ఒకటి రెండు రోజుల్లో దానంతటదే దిగుతుంది. నేను వేట మానేసి పదేళ్ళు దాటింది. అంతకాలం తర్వాత తూగు తిరిగి వచ్చిందంటే సముద్రం నన్ను మరిచిపోలేదని అనుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట బెస్తవాడు తప్ప ఇంకెవరూ అనుకోరు.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను, కుదురుగానే ఉన్నాను. మా పేటలో నాలాగే సర్కారీ నౌకరీల్లో కూర్చుని, చొక్కా బొత్తాలు పట్టక అవస్థపడుతున్న కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో తెలుగు చదవగలిగిన నలుగురైనా చదువుతారని ఇది రాస్తున్నాను. నా మనసు కుదుటపడడానికి కూడా రాస్తున్నాను.

నేను పుట్టింది శ్రీకాకుళం వైపు ఒక బెస్తపల్లెలో. చిన్నప్పుడే మా నాన్న మమ్మల్ని ఓడెక్కించి ఈ దీవులకి తీసుకొచ్చాడు. కొన్నాళ్ళు తెలుగు బడిలో చదువుకున్నాను, ఆ తర్వాత నా బడి డింగీ పడవే. వల లాగడంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకుంటే గొప్పలు అనుకుంటారు గానీ, అప్పట్లో నా ఒంటిమీద చిటికెడు కండ పట్టుకుందామన్నా దొరికేది కాదు.

కాసులమ్మతో పెళ్ళయిన మూడో ఏడు మా మామ వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ ముక్క కూడా దొరకలేదు. ఆనాటి నుంచి నా భార్య వేట పడవల జెట్టీకి రావడం మానేసింది. పడవ బయలుదేరే వేళకి తలుపు వేసుకుని కూర్చునేది. నేను తిరిగొచ్చి తలుపు కొడితే తీసేది, తీసి ఏమీ మాట్లాడకుండా పొయ్యి దగ్గరికి పోయేది. ఆ మౌనం నేను భరించలేకపోయాను. పడవలకి తాళ్ళు, నైలాన్ వలలు, ఇంజను సామాను ఇచ్చే సర్కారీ స్టోరులో మనిషి కావాలంటే చేరిపోయాను. కొత్త వలల వాసన మధ్య కుర్చీలో కూర్చుని, వేటకి పోయేవాళ్ళకి తాడు కొలిచి ఇవ్వడం నా పని.

నా భార్య మొహంలో నవ్వు తిరిగొచ్చింది. నేను మాత్రం లోపల ఎండిపోయాను. ఒళ్ళు ఎండితే బాగుండేది, అది పెరిగింది.

పెరగక ఏమవుతుంది? వల లాగే మనిషి తినే అన్నాన్ని కుర్చీలో కూర్చునే మనిషి తిన్నాడు. కంచంలో కొండ తగ్గలేదు. పైగా స్టోరులో పొద్దున పూరీలు, పదింటికి చాయ్ సమోసా, మధ్యాహ్నం ఇంటినుంచి క్యారేజీ. ఆ క్యారేజీలో ఏం కావాలని కాసులమ్మ అడిగితే, పడవ మీద తినేదే పెట్టమనేవాణ్ణి. చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఉప్పుచేప. చేప మీద ఉప్పు తెల్లగా పేరుకుని కనబడాలి. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, ఆ కాసేపు స్టోరు గోడలు ఉండేవి కావు. పడవ మీదైతే ఆ ఉప్పంతా చెమటై కారిపోయేది. ఫ్యాను కింద ఎటు పోతుంది?

పేటలో ఆడవాళ్ళు నన్ను చూసి నా భార్యని మెచ్చుకునేవారు.

"సముద్రం మీన ఈనెపుల్లలాగుండేవోడు. సూడు, సేటుగారిలాగ తయారుసేసినావు."

కాసులమ్మ పొంగిపోయేది. మాలో ఏటా పండక్కి మొలతాడు మారుస్తాం. కొత్త నల్లతాడు కొలిచి ముడి వేసేది ఆవిడే. ప్రతి ఏడూ రెండు వేళ్ళో బెత్తెడో ఎక్కువ తాడు తెంచుతూ, "కలిసొచ్చిందిలే ఈ యేడు," అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఇక వానలు మొదలయ్యాయి. తూగు తరచుగా రాసాగింది. పొద్దున లేవగానే తల వెనక బరువు, మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు గుమ్మం దగ్గర తూలి తలుపుకి గుద్దుకున్నాను. కాసులమ్మ చేతిలో గరిటెతోనే వచ్చింది.

"ఏటి మావా, తూలతన్నావు? ఏదీ, నోరు సూపు."

నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఏమీ దొరకలేదు.

"తాగనేదు. మరి తాగకుండా ఈ ఊగుడేటి?"

"నిద్ర సాలక," అన్నాను. తూగు అని చెబితే మళ్ళీ తలుపేసుకుని కూర్చుంటుందేమోనని నా భయం.

ఆవిడ తమ్ముడు గురవయ్యకి మాత్రం చెప్పాను. సొంత డింగీ, ఇంజను ఉన్నవాడు, నేనంటే ప్రాణం. మొత్తం విని మెల్లగా తలాడించాడు.

"ఇది బీమారీ కాదు బావా. పక్కా సెప్తన్నాను. నీలు మీన పెరిగినోడివి, తీసుకెళ్ళి కుర్సీలో కూకోబెట్టినారు. అది లాగుతాది మరి. వాన తెరిపివ్వనీ, ఓపాలి నాతో వొచ్చీ. తూగు దిగిపోద్ది."

వాడూ బెస్తవాడే, నాకున్న తెలివే వాడిదీ. ఆ మాట విన్నాక తెరిపి కోసం నేను ఎదురుచూసినట్టు పెళ్ళికొడుకు కూడా ముహూర్తం కోసం చూడడు.

వానలు వెలిశాక ఒక ఆదివారం కుదిరింది. కాసులమ్మ ముందురోజే ఆస్టినాబాద్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తెల్లవారుతుండగా గురవయ్యా, వాడి మనుషులు ఇద్దరూ, నేనూ బయలుదేరాం. నేను ఎక్కగానే డింగీ ఒక పక్కకి దిగింది. "బావా, నువ్వు మద్దెలో కూకో," అన్నాడు గురవయ్య. పడవలో మధ్య చోటు సామానుకి. నా పాత చోటు ముందు కొమ్ము దగ్గర. సిగ్గేసింది గానీ కూర్చున్నాను.

హార్బరు దాటి బయటికొచ్చాం. అల ఎత్తి దించింది. నేను కళ్ళు మూసుకుని, ఇక తల నిలబడుతుందని చూశాను. పదేళ్ళ తర్వాత తల్లి ఒడిలోకి వచ్చినవాడు ఎలా ఎదురుచూస్తాడో అలా చూశాను. తల నిలబడలేదు. పడవ ఒకలా ఊగుతోంది, నా తల ఇంకోలా ఊగుతోంది. రెండూ కలవడం లేదు. అప్పుడు తెలిసింది. సముద్రం పెట్టిన తూగు సముద్రం మీదికొస్తే పోవాలి. ఇది పోవడం లేదంటే సముద్రానిది కాదు. మరి ఇన్నాళ్ళూ నాలో ఊగుతున్నదేమిటి? ఆ ప్రశ్నకి పుట్టిన భయం నా జన్మలో ఏ తుఫానుకీ పుట్టలేదు.

తాడు అందుకోబోయాను. ఎడమ చెయ్యి తాడు మీద పడింది గానీ వేళ్ళు మూసుకోలేదు. గురవయ్యని పిలిస్తే నాలుక మందంగా మడతపడింది. ఆ తర్వాత వల మీద పడి ఉన్నాను, ఆకాశం గిర్రున తిరుగుతోంది.

గురవయ్య వేట వదిలేసి పడవని నేరుగా పోర్ట్ బ్లెయిర్ వైపు చాతం జెట్టీకి పట్టించాడు. అక్కడ నన్ను పైకి ఎక్కించడం వాళ్ళ ముగ్గురి వల్లా కాలేదు. పెద్ద సొర చేపని లాగినట్టు, వలలో చుట్టి, జెట్టీ మీదున్న కూలీలని కేకేసి లాగారు. ఎవరో హిందీలో "వజన్ తో దేఖో భాయ్" అని నా బరువు చూసి నవ్వారు. నవ్వినవాళ్ళే ఆటో దాకా మోశారు.

పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో బల్ల మీద నన్ను ఆనించి కూర్చోబెట్టి గురవయ్య చీటీ కోసం పరిగెత్తాడు. పక్కన ముసలి బెంగాలీ ఆవిడ ఉంది. నా చొక్కా నిండా చేప పొలుసు, ఒంటినిండా చెమట. ఆవిడ ముక్కు మూసుకోలేదు. తన ఎక్స్‌రే కవరు తీసి నాకు విసరడం మొదలుపెట్టింది. లోపలికి తనని పిలిస్తే, "పెహలే ఇస్కో" అని నన్ను చూపించి తన వంతు నాకిచ్చేసింది. ఆవిడ పేరు కూడా నాకు తెలీదు. మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు.

డాక్టరమ్మ బీపీ చూడడానికి నా చేతికి పట్టీ కట్టబోతే అది చాలలేదు, పెద్దది తెప్పించారు. గాజుగొట్టంలో పాదరసం పైకి పోతూనే ఉంది. ఆవిడ రెండోసారి చూసింది, మూడోసారి చూసింది, ఇక నాతో మాట్లాడడం మానేసి సిస్టరుతో గబగబా మాట్లాడింది. డాక్టర్లు మనతో మాట్లాడడం మానేస్తే ఎంత భయమో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నానికి వేళ్ళు కదిలాయి, మాట కూడా సర్దుకుంది. కబురు తెలిసి కాసులమ్మ ఆస్టినాబాద్ నుంచి వచ్చింది. నన్ను చూసింది, నా చొక్కా మీద పొలుసు చూసింది, తమ్ముడి వైపు తిరిగింది.

"నాయన్ని మింగింది సాలక ఈయన్ని కూడా తీసుకెల్లి దానికిద్దామనుకున్నావేటిరా?"

"అది కాదప్పా, బావకి తూగని..."

"తూగేటి? తూగా? ముందే సెప్తే సచ్చిపోతానేటి నేను?"

వార్డంతా మమ్మల్నే చూస్తోంది. గురవయ్య తల వంచుకుని ఏడుస్తూ బయటికి పోయాడు. అక్కాతమ్ముళ్ళు అటు తర్వాత చాలాకాలం మాట్లాడుకోలేదు. ఆ పాపం నా తూగుదే.

డాక్టరమ్మ వచ్చి, ఈ లావు చిన్నప్పటినుంచీ ఉందా, తర్వాత వచ్చిందా అని అడిగింది. కాసులమ్మ ముందుకొచ్చింది.

"దీదీ, షాదీ టైమ్ ఇత్నా," అని రెండు చేతుల మధ్య మొలతాడు కొలత చూపించింది. "రెండో యేడూ ఇత్నా. స్టోరులో సేరినాక..." చేతులు దూరం జరిగాయి. "పోయిన పండక్కి..." ఇంకా జరిగాయి. అక్కడ ఆగిపోయింది. చాచిన తన చేతుల్ని తనే చూసుకుంది. ఏటేటా నవ్వుతూ తెంచిన తాడంతా ఆ చేతుల మధ్య ఒక్కసారి కనబడింది కాబోలు, మొహం నల్లబడిపోయింది.

డాక్టరమ్మ ఆవిణ్ణి తిట్టలేదు. వయసొచ్చాక పెరిగే ఒళ్ళు రక్తపోటుని కూడా వెంటబెట్టుకొస్తుందని, ఉప్పు దానికి తోడైందని నెమ్మదిగా హిందీలో చెప్పింది. నా తూగంతా దానివల్లేనని తను చెప్పలేనంది. "నీకు తల తిరిగింది కాబట్టి ఇక్కడికి వచ్చావు. చాలామందికి ఏమీ అనిపించదు, ఒకేసారి పడిపోతారు," అంది. కుర్రాళ్ళారా, ఈ ముక్క రెండుసార్లు చదవండి. ఒంట్లో బాగానే ఉందనుకున్నా సరే, వెళ్ళి ఒకసారి చూపించుకోండి.

మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి ఒక పొద్దున వార్డులో మంచం దిగి నిలబడ్డాను. నేల కదల్లేదు. కాస్త ఆగాను. ఎక్కడా ఊపు లేదు, బండలా ఉంది. తగ్గిందని సంతోషించాల్సింది పోయి అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అది జబ్బేనని నాకు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు. మిగిలిన ఆ ఒక్క ఊపూ పోయింది, ఇక నేను ఒడ్డు మనిషినే. మలయాళీ సిస్టరు పరుగున వచ్చి ఎక్కడ నొప్పి అని అడిగింది. "సముందర్ చలా గయా, సిస్టర్," అన్నాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ళ నాన్నకీ పడవ ఉండేదట. మంచం పక్కన స్టూలు లాక్కుని, పిలుపు వచ్చేదాకా ఊరికే కూర్చుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. మాత్ర బతికున్నంతకాలం. ఉప్పుచేప బంద్. వేట కూడా బంద్. మొదటి రెంటికీ తలూపాను. మూడోదానికి కాసులమ్మ ఊపింది.

ఆ తర్వాతి నెలలు మా ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. కాసులమ్మ ఇంటి కప్పు మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టడం మానేసింది. కంచంలో అన్నం కొండ పోయి గుప్పెడు మిగిలింది, మిగతాదంతా ఉడికించిన ఆకుకూర. ఒకరోజు కంచం తోసేశాను. "ఇది మనిషి తినే తిండేనా?" అని అరిచాను. ఆవిడ తన కంచం నా ముందుకి జరిపింది. అందులోనూ అదే కూర, ఉప్పు లేకుండా. నాతోపాటు తనూ అదే తింటోందని నాకు అప్పటిదాకా తెలీదు. కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుని తిన్నాను.

మెచ్చుకున్న ఆడవాళ్ళే ఇప్పుడు గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. "ఏటమ్మా, మీ ఆయన అలగైపోనాడు? తిండి పెట్టటం నేదేటి?" కాసులమ్మ ఇంటికొచ్చి ఏడ్చేది. మర్నాడు మళ్ళీ ఆకుకూరే వండేది.

రోజూ పొద్దున కొండ దారిలో నడిచేవాణ్ణి, సముద్రం కనబడే వైపు కాకుండా అడివి వైపు. కనబడితే కాళ్ళు అటే దిగిపోతాయని నా భయం. నాకు మిగిలిన సముద్రమల్లా బీపీ చూపించుకోవడానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళేటప్పటి ఫెర్రీయే. రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. చూస్తుండగానే చాతం వచ్చేసేది. ఒకసారి డాక్టరమ్మ సంతోషంగా, బీపీ బాగా తగ్గింది, ఇక ప్రతి నెలా రానక్కర్లేదు అంది. నా మొహం వాడిపోవడం చూసి ఆవిడ ఆశ్చర్యపోయింది. కాసులమ్మ పక్కనే ఉంది. ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు.

ఆ పండక్కి మొలతాడు కొలిచి, పోయిన ఏటి కొలతలో ఎక్కువైన ముక్క తెంచేసింది. తెంచిన ముక్క చేతిలో పట్టుకుని నావైపు తిరిగింది.

"మావా, నీకు ఒళ్ళు తగ్గినాది, బీపీ తగ్గినాది. మరి మొకం ఎందుకలగుంది?"

దాచి ఏం లాభం? "సముద్రం కావాలే," అన్నాను. "వేట వొద్దు, సేపలొద్దు. ఊరికే ఓపాలి దాని మీన కూకోవాలి."

మర్నాడు సాయంత్రం నేను స్టోరు నుంచి వచ్చేసరికి కాసులమ్మ ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే వేట పడవల జెట్టీ దగ్గర కనబడింది. ఎన్నో ఏళ్ళుగా అటు అడుగుపెట్టని మనిషి, అన్నాళ్ళుగా మాట్లాడని తమ్ముడితో పోట్లాడుతోంది.

"ఆడోళ్ళు వేట పడవెక్కకూడదప్పా. గంగమ్మకి కోపమొత్తాది. మనోళ్ళేటంటారు?"

"వల దింపేయ్ రా. వల నేకపోతే అది వేట పడవెలాగవుద్ది? ఫెర్రీలాటిదే. ఫెర్రీ ఎక్కటం నేదేటి నేను?"

గురవయ్య నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. వాడు వలని మొత్తం ఒడ్డున దింపేశాడు.

సముద్రం ఆ రోజు గాజుపలకలా ఉంది. నేను ముందు కొమ్ము దగ్గరికి వెళ్ళబోతే కాసులమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది, ఇద్దరం మధ్యలో కూర్చున్నాం. ఇంజను మొదలుకాగానే ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను అంచు మీంచి చెయ్యి నీళ్ళలో పెట్టాను. వేళ్ళు తడిసి, ఆ తడి వేళ్ళు నాకు తెలియకుండానే నోటి దగ్గరికి పోయాయి. కళ్ళు మూసుకున్న మనిషికి ఎలా తెలిసిందో, చేతి మీద ఒక్కటి వేసింది.

"ఉప్పు!"

గురవయ్య పగలబడి నవ్వాడు. కాసులమ్మ కూడా నవ్వబోయి, ఇంతలో చిన్న అల తగిలి పడవ లేచేసరికి, "అమ్మో" అని నా భుజంలో మొహం దాచుకుంది. తర్వాత అంచు మీద వంగి కక్కుకుంది. "మావా, ఇదేనా, దీనికోసమేనా నువ్వేడిసేది?" అంది మూతి తుడుచుకుంటూ. ఇదే అన్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నేను ఇక వేటకి రానని, ఈ నీళ్ళని ఇలా ఎవరో తీసుకొచ్చి చూపిస్తే చూడాల్సిందేనని నాకు తెలుసు. ఆ దిగులు పోలేదు, పోతుందని కూడా నేను అనుకోవడం లేదు.

హార్బరు నోటి దగ్గర, పెద్ద అలలు మొదలయ్యే చోట గురవయ్య ఇంజను తగ్గించాడు.

"తిప్పీనా బావా? అప్ప బెదిరిపోతంది."

తిప్పమనడం న్యాయం. ఆవిడ వణుకు నా ఒంటికి తెలుస్తోంది. కానీ నా నోట ఆ మాట రాలేదు. కాసులమ్మ తల ఎత్తలేదు, కళ్ళు తెరవలేదు, నా చొక్కా పట్టుకున్న రెండు పిడికిళ్ళూ వదల్లేదు.

"ఇంకొంచెం పోనీరా గురవా," అంది. "ఆయనకింకా తనివి తీరనేదు."